అమ్మేసిన కార్ట్రిడ్జ్ ఎవరిది?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఒక రీఫిల్లింగ్ కుర్రాడు నా టోనర్ కార్ట్రిడ్జ్‌ని అయిదు నిమిషాల్లో విప్పి బల్ల మీద పరిచాడు. డ్రమ్ము, బ్లేడు, రోలరు, పళ్ళ చక్రాలు. వేస్టు పౌడరు దులిపి కొత్త పౌడరు నింపాడు. పని అయిపోయిందనుకుని జేబులో చెయ్యి పెట్టాను. "ఆగండి సార్, పౌడర్ నింపితే అయిపోదు. చిప్పు గూడ మార్చాలె. లేకపోతే ప్రింటర్ ఖాళీ అనే చూపిస్తది" అన్నాడు. వేలి గోరంత పచ్చ ముక్క అది. నింపిన పౌడరు కంటే దాని ఖరీదే ఎక్కువ.

డబ్బా నేను కొన్నదే, ప్రింటరు నేను కొన్నదే. మరి ఆ గోరంత ముక్క ఎవరి తరఫున కాపలా కాస్తోంది? ఆ ప్రశ్న పట్టుకుని ఇంటికి వచ్చి, అమెరికా కోర్టుల్లో ఈ డబ్బాల మీద సాగిన పోరాటాలు చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ అసలు ప్రశ్న వెనక్కి జరిగి, దాని స్థానంలో మరో చిక్కుముడి నిలిచింది. 1917లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసిన తగవు 2016లో సరిగ్గా తలకిందులుగా ఎలా తేలింది? మధ్యలో ఏ చట్టమూ ఆ మాటను తిప్పేయలేదు. సుప్రీంకోర్టు తన మాట వెనక్కి తీసుకోలేదు. అయినా ఎక్కడో ముడి పడింది.

ముందు తగవు సంగతి. లెక్స్‌మార్క్ అనేది 1991లో ఐబీఎం నుంచి విడివడిన ప్రింటర్ల కంపెనీ, కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్ దాని ఊరు. అది తన టోనర్ కార్ట్రిడ్జ్‌లను రెండు రకాలుగా అమ్మేది. పూర్తి ధర ఇస్తే ఏ షరతూ లేదు. సుమారు 20 శాతం తక్కువకు కావాలంటే 'రిటర్న్ ప్రోగ్రామ్' పెట్టె కొనాలి. దాన్ని ఒక్కసారే వాడాలి, ఖాళీ అయ్యాక లెక్స్‌మార్క్‌కు తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదు. ఆ మాట పెట్టె మీదే ఉంటుంది. మాట తప్పేవాళ్ళను అడ్డుకోవడానికి లోపల చిప్పు కూడా ఉంటుంది.

అయినా ఖాళీ డబ్బాలు బజారుకు వచ్చాయి. వాటిని సేకరించి, చిప్పు మార్చి, పౌడరు నింపి అమ్మే వ్యాపారాలు పుట్టుకొచ్చాయి. 2010లో లెక్స్‌మార్క్ అలాంటి కంపెనీల గుంపు మీద ఒహాయో రాష్ట్రంలోని ఫెడరల్ కోర్టులో పేటెంట్ దావా వేసింది. కాలక్రమంలో చాలామంది రాజీపడి తప్పుకున్నారు. చివరికి మిగిలింది వెస్ట్ వర్జీనియాలో చార్లెస్టన్ అనే ఊళ్ళోని ఒక చిన్న కుటుంబ వ్యాపారం, ఇంప్రెషన్ ప్రోడక్ట్స్. పేటెంట్లు చెల్లవని వాళ్ళు వాదించలేదు. వాళ్ళన్నది ఒక్కటే: మీరు అమ్మేశారు, అమ్మిన క్షణంలో ఆ వస్తువు మీద మీ పేటెంట్ హక్కు తీరిపోయింది. 2016 ఫిబ్రవరి 12న ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు, న్యాయమూర్తులంతా కలిసి కూర్చుని, ఆ వాదనను 10-2తో కొట్టేసింది. షరతు పెట్టి అమ్మితే హక్కు అమ్మినవాడి దగ్గరే మిగులుతుందని చెప్పింది.

ఆ 10 మంది కావాలని తప్పు చేశారని నేను అనుకోను. అది నిర్లక్ష్యంగా రాసిన తీర్పు కాదు, పాత కేసులను తడిమి చూసిన తీర్పు. కాబట్టి వాళ్ళు నడిచిన దారి ఎక్కడ పక్కకు తిరిగిందో వెతకాలి.

మొదటి ఆనవాలు 1912లో, ఇంకు డబ్బా రూపంలోనే దొరికింది. ఇంత సూటిగా దొరుకుతుందని నేను అనుకోలేదు. షికాగోలో ఏ.బీ. డిక్ కంపెనీ మిమియోగ్రాఫ్ అనే యంత్రం అమ్మేది. స్టెన్సిల్ కోసి, ఇంకు పూసి, కాగితం మీద కాగితం ప్రతులు తీసే యంత్రం. మన బడుల్లో ప్రశ్నపత్రాలు తీసిన సైక్లోస్టైల్ దాని చుట్టమే. యంత్రం మీద ఒక పలక బిగించి ఉండేది: దీన్ని మా స్టెన్సిల్ కాగితంతో, మా ఇంకుతో, మా సరుకులతో మాత్రమే వాడాలి. ఆ యంత్రం కొన్న ఒక మహిళకు హెన్రీ అనే వ్యాపారి ఆ పలక సంగతి తెలిసే ఒక డబ్బా ఇంకు అమ్మాడు. ఇంకుకు పేటెంట్ లేదు. ఎవరైనా కలుపుకోగల మామూలు ఇంకు. అయినా పేటెంట్ ఉల్లంఘనకు తోడ్పడ్డాడని అతని మీద దావా పడింది, అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

1912 మార్చిలో తీర్పు వచ్చింది. 4-3తో కంపెనీ గెలిచింది. 9 మంది కూర్చోవలసిన పీఠం మీద ఆ రోజు ఏడుగురే ఉన్నారు. జస్టిస్ హార్లన్ చనిపోయి ఆయన స్థానం ఖాళీగా ఉంది, జస్టిస్ డే ఈ కేసు వినలేదు. ఓడిన ముగ్గురి తరఫున ప్రధాన న్యాయమూర్తి వైట్ రాసిన భిన్న తీర్పు చదువుతుంటే ఆయన ఆందోళన ప్రతి వాక్యంలో వినిపిస్తుంది. ఇలాగైతే పేటెంట్ ఉన్న చిత్రిక కొన్న వడ్రంగి ఫలానావాడి భూమిలో పెరిగిన చెట్ల కలపనే చిత్రిక పట్టాలనవచ్చు, పేటెంట్ ఉన్న వంటపాత్రలో అమ్మినవాడు ఇచ్చిన పదార్థాలే వండాలనవచ్చు అన్నాడు. కుట్టుమిషను దాకా లాక్కొచ్చాడు. మన ఇంట్లో గ్రైండరు కొంటే దాని కంపెనీ అమ్మే మినప్పప్పే రుబ్బాలన్నట్టు. ఆ ఉదాహరణలు ఆనాటివాళ్ళకు అతిశయోక్తిగా తోచి ఉండవచ్చు. చిప్పు మార్పించుకుని వచ్చిన నాకు మాత్రం తోచలేదు.

వైట్ మాట నెగ్గడానికి 5 ఏళ్ళు పట్టింది. 1914లో అమెరికా కాంగ్రెస్ క్లేటన్ చట్టం చేసి, పోటీని దెబ్బతీసేలా సరుకును సరుకుకు ముడిపెట్టే అమ్మకాలను, పేటెంట్ ఉన్నా లేకపోయినా, నిషేధించింది. 1917 ఏప్రిల్ 9న సినిమా ప్రొజెక్టర్ల కేసులో సుప్రీంకోర్టు 1912 తీర్పును రద్దు చేసింది. అక్కడా యంత్రం మీద పలకే ఉంది: మేము అనుమతించిన ఫిల్ములే వెయ్యాలి అని. వస్తువును అమ్మేశాక దాని మీద పలక బిగించి పేటెంట్ చట్టంతో కొనుగోలుదారును కట్టేయలేవని కోర్టు తేల్చింది. ఇంకు డబ్బా కథ అక్కడితో ముగిసి ఉండాలి.

పైగా 1917 తీర్పు ఆకాశంలోంచి ఊడిపడింది కాదు. ఇంకా వెనక్కి వెళ్తే 1873లో ఒక శవపేటిక ఉంది. శవపేటిక మూతలకు సంబంధించిన ఒక పేటెంట్ హక్కును రెండుగా పంచుకున్నారు. బోస్టన్ చుట్టూ 10 మైళ్ళ లోపల ఒకరిది, ఆ వలయం బయట మరొకరిది. బర్క్ అనే అంత్యక్రియల వ్యాపారి వలయం లోపలే, అక్కడి హక్కుదారు దగ్గరే పేటికలు కొన్నాడు. కొని బోస్టన్‌కు 17 మైళ్ళ దూరంలో ఉన్న నేటిక్ అనే ఊళ్ళో వాటిలో శవాలను పూడ్చాడు. బయటి హక్కుదారు దావా వేశాడు. జస్టిస్ మిల్లర్ రాసిన తీర్పు బర్క్ పక్షాన నిలిచింది. వాడుకోవడానికే పనికొచ్చే వస్తువును హక్కున్నవాడు అమ్మి దాని ప్రతిఫలం అందుకున్నాక, ఎక్కడ వాడతావని అడిగే అధికారం అతనికి ఉండదని చెప్పింది. నన్ను ఈ కేసు చాలాసేపు ఆపింది. శవపేటికను వాడేది ఒక్కసారే. అది మట్టిలోకి వెళ్ళిపోతుంది, ఎవరూ తిరిగి నింపరు. అలాంటి వస్తువు మీద కూడా అమ్మినవాడి చెయ్యి 10 మైళ్ళ గీత దాటి రాలేదు.

1873లో ఒక మాట, 1917లో అదే మాట, 1942లో కళ్ళద్దాల లెన్సుల కేసులో మళ్ళీ అదే. మరి ముడి ఎక్కడ పడింది?

పడింది 1992లో, ఊపిరితిత్తుల పరికరం దగ్గర. పేటెంట్ అప్పీళ్ళన్నీ ఒకేచోట వినడానికి 1982లో అమెరికా ఒక ప్రత్యేక అప్పీలు కోర్టు పెట్టుకుంది. అదే ఫెడరల్ సర్క్యూట్. మాలిన్‌క్రాట్ అనే కంపెనీ, రేడియోధార్మిక మందును పొగమంచులా మార్చి రోగి ఊపిరితిత్తుల్లోకి పంపే పరికరాన్ని ఆసుపత్రులకు అమ్మేది. దాని మీద 'ఒక్కసారి మాత్రమే వాడాలి' అని ఉండేది. ఆసుపత్రులు వాడిన పరికరాలను మెడిపార్ట్ అనే సంస్థకు పంపేవి. అది గామా కిరణాలతో శుద్ధి చేయించి, గొట్టాలు, ఫిల్టరు, నోటి దగ్గర పెట్టే భాగం కొత్తవి వేసి తిరిగి ఇచ్చేది. కింది కోర్టు, అమ్మకంతో హక్కు తీరిపోయిందని మెడిపార్ట్‌ను వదిలేసింది. ఫెడరల్ సర్క్యూట్ ఆ తీర్పును తిప్పేసింది. షరతు సమంజసమైనదైతే, పేటెంట్ పరిధిలోనే ఉంటే, దాన్ని మీరడం ఉల్లంఘనే అవుతుందంది.

రోగి నోట్లో పెట్టిన పరికరం, అందులో రేడియోధార్మిక మందు. ఇక్కడ 'ఒక్కసారే' అన్న మాట ఎవరికైనా న్యాయంగానే అనిపిస్తుంది. కష్టమైన కేసు దగ్గర దారి మళ్ళింది, ఆ దారి వెంటే టోనర్ పౌడరు కూడా నడిచి వచ్చింది. ఆసుపత్రి శుభ్రతను చూసుకోవలసింది వైద్య నియంత్రణ చట్టాలు. ఆ భారాన్ని పేటెంట్ మీద మోపితే, ఇంకు పొడికీ అదే రక్ష దొరుకుతుంది.

అయితే 1917 తీర్పు కళ్ళ ముందుండగా ఏ ఆధారంతో మళ్ళింది? అసలు పోగు ఇక్కడుంది. 1938లో సుప్రీంకోర్టు సినిమా హాళ్ళ ఆంప్లిఫయర్ల కేసు ఒకటి విన్నది. పేటెంట్‌దారు ఒక తయారీదారుకు లైసెన్సు ఇచ్చాడు: ఇళ్ళలో వాడుకునేవాళ్ళకు మాత్రమే అమ్ము. ఆ తయారీదారు తెలిసి తెలిసి సినిమా హాళ్ళ వ్యాపారానికి అమ్మాడు, కొన్నవాడికీ అది తప్పని తెలుసు. ఇద్దరూ ఉల్లంఘించారని కోర్టు అన్నది. దీన్నుంచి ఫెడరల్ సర్క్యూట్ ఇలా లెక్క కట్టింది: లైసెన్సు తీసుకున్నవాడి ద్వారా షరతు పెట్టగలిగినప్పుడు, స్వయంగా అమ్మే పేటెంట్‌దారు మాత్రం ఎందుకు పెట్టలేడు?

చదవగానే సబబుగా ఉంటుంది. నేనూ రెండుసార్లు తలూపి, మూడోసారి ఆగాను. 1938లో తప్పు జరిగింది వాడకం దగ్గర కాదు, అమ్మకం దగ్గరే. తనకు లేని అధికారంతో తయారీదారు అమ్మాడు కాబట్టి ఆ అమ్మకమే చెల్లలేదు. చెల్లని అమ్మకంతో ఎవరి హక్కూ తీరదు. మాలిన్‌క్రాట్ గానీ లెక్స్‌మార్క్ గానీ తమ సరుకును తామే, మనస్ఫూర్తిగా, డబ్బు తీసుకుని అమ్మారు. పొలం కౌలుకు తీసుకున్నవాడు దాన్ని అమ్మేస్తే ఆ రిజిస్ట్రేషన్ చెల్లదు. సొంతదారే అమ్మి, తరువాత కంది తప్ప వెయ్యకూడదని కొన్నవాడి మీదకు వెళ్ళడం వేరే సంగతి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడమే 1992లో పడిన ముడి.

ముడి పడ్డాక 24 ఏళ్ళు ఎవరూ విప్పలేదా అంటే, ఒకసారి విప్పబోయి వదిలేశారు. 2008లో ఎల్‌జీ పేటెంట్లున్న ఇంటెల్ చిప్పుల కేసులో, అధికారంతో జరిగిన అమ్మకంతో పేటెంట్ హక్కు తీరిపోతుందని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా మళ్ళీ చెప్పింది. కానీ 1992 నాటి ఊపిరితిత్తుల పరికరం పేరు ఎత్తలేదు. ఆ మౌనమే 2016లో పని చేసింది. మమ్మల్ని రద్దు చేయలేదు కాబట్టి మా పాత మాట నిలిచే ఉందని ఫెడరల్ సర్క్యూట్ అన్నది.

లెక్స్‌మార్క్ పేటెంట్ దారి పట్టడం వెనక ఇంకో కథ ఉంది. 2002లో అది మొదట కాపీరైట్ తలుపు తట్టింది. కార్ట్రిడ్జ్ చిప్పులో టోనరు ఎంత మిగిలిందో లెక్కగట్టే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. నార్త్ కరోలినాలోని స్టాటిక్ కంట్రోల్ కంపెనీ ఆ చిప్పుకు దీటైనదాన్ని తయారుచేసి రీఫిల్లింగ్ వ్యాపారులకు అమ్మింది. మా ప్రోగ్రామ్‌ను నకలు కొట్టారు, డిజిటల్ తాళం పగలగొట్టారు అని లెక్స్‌మార్క్ దావా. ఆ ప్రోగ్రామ్ ఒక రకంలో 37 బైట్లు, ఇంకో రకంలో 55 బైట్లు. యూనికోడ్ తెలుగులో (UTF-8 పద్ధతిలో) ఒక్కో గుర్తుకు 3 బైట్లు పోతాయి కాబట్టి 55 బైట్లలో పట్టేది 18 గుర్తులే, ఒక ఇంటిపేరు, పేరు రాసేసరికి నిండిపోతుంది. కింది కోర్టు లెక్స్‌మార్క్ పక్షాన నిషేధం ఇచ్చింది. 2004లో ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని ఎత్తేసింది. ప్రింటరు ప్రోగ్రామ్‌ను ప్రింటరు కొన్న ఎవరైనా నేరుగా చదువుకోవచ్చు. ముందు తలుపు బార్లా తెరిచి ఉంటే వెనక తలుపుకు వేసిన తాళం ఇంటిని కాపాడుతోందని ఎలా అంటామని అడిగింది.

కాపీరైట్ తలుపు మూసుకుంది. 2005లో మరో అప్పీలు కోర్టు, పెట్టె మీది మాట కాలిఫోర్నియా చట్టం కింద కాంట్రాక్టుగా నిలవవచ్చంది. అయితే కాంట్రాక్టు ఇద్దరి మధ్య మాట. పెట్టె విప్పినవాడిని అడగవచ్చు గానీ, అతని దగ్గర ఖాళీ డబ్బా కొన్న మూడో మనిషిని అడగలేం. మూడో మనిషిని కూడా పట్టుకోగలిగేది పేటెంట్ ఒక్కటే. అందుకే 2010 దావా అటు తిరిగిందని నాకు తోస్తుంది.

2017 మే 30న సుప్రీంకోర్టు ముడి విప్పింది. ప్రొజెక్టర్ల తీర్పుకు నూరేళ్ళు నిండి అప్పటికి 51 రోజులు. తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్. అమెరికాలో అమ్మిన డబ్బాల విషయంలో పాల్గొన్న 8 మందిదీ ఒకే మాట. 1938 కేసును అమ్మకం దగ్గర జరిగిన తప్పుగా చదివి చూపించి, ఊపిరితిత్తుల పరికరం నాటి సూత్రాన్ని పక్కన పెట్టింది. షరతు కాంట్రాక్టుగా నిలిస్తే నిలవవచ్చు, పేటెంట్‌గా మాత్రం నిలవదంది. విదేశాల్లో అమ్మిన డబ్బాలకూ ఇదే వర్తిస్తుందని 7-1తో తేలింది. పేటెంట్ ఒక్కో దేశానిది కాబట్టి విదేశీ అమ్మకం అమెరికా హక్కును తీర్చలేదని జస్టిస్ గిన్స్‌బర్గ్ విభేదించారు. ఆమె వాదన తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు, పేద దేశంలో తక్కువ ధరకు అమ్మే మందు రేపు ఆ ధరకే దొరుకుతుందా అన్న ప్రశ్న దేశాల మధ్య ఉన్న ఆ గీత మీదే నిలబడి ఉంది.

తీర్పులో నాకు నచ్చిన చోటు పాత కార్లు బాగుచేసి అమ్మే షెడ్డు. అందులో వేల విడిభాగాలుంటాయి. ప్రతి భాగం చేసినవాడికీ మొదటి అమ్మకం తరువాత కూడా హక్కు మిగిలితే షెడ్డువాడు ఎవరిని అడిగి స్పానరు పట్టుకోవాలి? రాబర్ట్స్ ఇంకా వెనక్కి, 1628లో లార్డ్ కోక్ రాసిన మాట దాకా వెళ్ళాడు. గుర్రాన్ని గానీ మరో వస్తువును గానీ పూర్తిగా అమ్మేశాక, తిరిగి అమ్మకూడదనే షరతు చెల్లదని కోక్ తేల్చాడు.

ముడి విడిందనుకుని పుస్తకం మూయబోతే జపాన్ అడ్డొచ్చింది. కానన్ ఇంకు ట్యాంకు లోపల, ఇంకును పీల్చి పట్టుకునే రెండు మెత్తటి దిమ్మలు ఒకదానికొకటి గట్టిగా ఒత్తుకుని ఉంటాయి. ఆ కలిసే చోట ఇంకు పొర నిలిచి, పెట్టెను ఎటు తిప్పినా కారకుండా ఆపుతుంది. పేటెంట్ ప్రాణం ఆ పొరలోనే ఉంది. ట్యాంకు ఖాళీ అయ్యాక వారం పది రోజుల్లో మిగిలిన ఇంకు అక్కడే ఎండి గడ్డకడుతుంది. రీసైకిల్ అసిస్ట్ అనే కంపెనీ అమ్మిన ట్యాంకులు అలా ఖాళీ అయినవాటికి పైన రంధ్రం చేసి, కడిగి, ఇంకు నింపి, మూసినవి. 2004లో టోక్యో జిల్లా కోర్టు తప్పు లేదంది. 2006లో పైకోర్టు కాదంది. 2007 నవంబరు 8న జపాన్ సుప్రీంకోర్టు కూడా కానన్ పక్షాన నిలిచింది. అమ్మకంతో హక్కు తీరుతుందని అదీ ఒప్పుకుంది. కానీ రంధ్రం చేసి, ఎండిన ఇంకు కడిగి, పోయిన పొరను మళ్ళీ నిలబెట్టడం మరమ్మతు కాదు, కొత్తగా తయారుచేయడమే అన్నది. కొత్తగా తయారుచేసే హక్కు కొన్నవాడికి ఎన్నడూ రాలేదు.

ఆ తీర్పు నాకు నచ్చలేదు. కడగడాన్ని తయారీ అంటే, మన ఊళ్ళో ఫిల్టరు కడిగి బిగించే ప్రతి మెకానిక్కూ తయారీదారే అవుతాడు. అయినా దాని బలం ఒప్పుకోవాలి. అమెరికా కోర్టు డబ్బాను ఎవరు అమ్మారని చూసింది, జపాన్ కోర్టు డబ్బా లోపల ఏం జరిగిందని చూసింది. ఈ రెండో ప్రశ్న ఇంప్రెషన్ కేసులో ఎవరూ అడగలేదు.

మన దగ్గర 1970 పేటెంట్ చట్టంలో 140వ సెక్షను ఉంది. పేటెంట్ ఉన్న వస్తువు అమ్ముతూ, పేటెంట్ లేని ఇతర సరుకు తన దగ్గరే కొనాలని షరతు పెడితే ఆ షరతు చెల్లదు. 1912లో హెన్రీ అమ్మిన ఇంకు డబ్బాకు మన చట్టంలో ముందే చోటు ఉందన్నమాట. 2012లో ఢిల్లీ హైకోర్టు, విదేశాల నుంచి తెచ్చిన అసలు శామ్‌సంగ్ ప్రింటర్లను ఇక్కడ అమ్మే వ్యాపారుల కేసులో, ట్రేడ్‌మార్క్ విషయంగా, అలా తెచ్చి అమ్మవచ్చంది.

చట్టం ఇంత దూరం వచ్చాక తాళం స్థలం మార్చుకుంది. 2016 సెప్టెంబరులో కొన్ని హెచ్‌పీ ఆఫీస్‌జెట్ ప్రింటర్లు ఇతరుల చిప్పులున్న కార్ట్రిడ్జ్‌లను ఒక్కసారిగా తిరస్కరించాయి. పెట్టె మీద పలక లేదు, కోర్టులో దావా లేదు. ముందే ప్రింటర్లలోకి చేరిన ఫర్మ్‌వేర్ ఆ పని చేసింది. గోల లేచాక, ఆ అడ్డు తీసే వీలు ఇస్తామని కంపెనీ ప్రకటించింది.

పార్క్‌లేన్ కుర్రాడు బ్లేడు మొనతో పాత చిప్పు ఊడదీసి కొత్తది అంటించాడు. మూత బిగించి, కార్ట్రిడ్జ్‌ని రెండు చేతులతో అటూ ఇటూ ఊపి, టెస్టు పేజీ తీసి చూపించాడు. నలుపు బాగా వచ్చింది. "ఇది ఎన్నిసార్లు నింపొచ్చు?" అని అడిగాను. "డ్రమ్ము మంచిగున్నన్ని రోజులు సార్" అన్నాడు.